ముప్పేట తాడు

వైశాఖంలో మా ఉద్దానం రోడ్డుకి
జీడిపండు వాసన పడుతుంది.
చీకటి పడ్డాక ఆ వాసన పట్టుకుని
తోటలోంచి తోటలోకి దాటుతుంది ఎలుగు,
వెనక ఒక పిల్ల, దాని వెనక ఇంకో పిల్ల.
మధ్యలో పన్నెండడుగుల తారు.
తుఫాను చెట్లన్నిట్నీ పడుకోబెట్టిన ఏటి నుంచి
దానికి చాటన్నది లేదు.

ఆ రాత్రి రెండో పిల్ల దాటలేదు.

తెల్లారి చూసినవాళ్లు చెప్పారు,
పొద్దెక్కేదాకా తల్లి అక్కణ్ణుంచి కదల్లేదట.
పాలబండి హారన్ కొడితే
రెండు కాళ్ల మీద లేచి నిలబడిందట,
ఎవరినో ఏదో అడగబోతున్నట్టు.

గ్రామసభలో దుర్యోధన మేస్టారు అర్జీ చదివారు.
రోడ్లాఫీసు జవాబూ చదివారు,
'పరిశీలనలో ఉన్నది.'
ఎలుగ్గొడ్డుకి అర్జీ ఏటి మేస్టారూ,
రేపు పాముకి ఆధార్ రాయిస్తారేటి, అన్నారెవరో.
సభంతా నవ్వింది. నేనూ నవ్వాను.
అప్పుడు లేచింది కళ్లం దాలమ్మ.

"నా పెనిమిటి సెయ్యి కొరికినాది ఎలుగే, కాదన్ను.
మా ఆడబిడ్డని తీసీసినాది మాత్రం బండి.
కొరికిందాన్ని ఇప్పుడు సూసినా పోల్చుకుంటాను, ఒంటి సెవిది.
గుద్దినోడికి మొకం నేదు, నంబరూ నేదు.
సెప్పండి, దేనికి బయపడాల నాను?"

మాకు సిమెంటు లేదు, శాంక్షన్ లేదు.
పీచుంది.

తాడు పేనడం ఎప్పుడైనా చూశారా మీరు?
రాట్నం దగ్గర ఒకళ్లు కూర్చుంటారు.
ఒడిలో పీచు కట్టుకుని మిగతావాళ్లు
వెనక్కి, వెనక్కి నడుస్తారు.
మా ఊరి ఆడాళ్లు రోజుకి ఆరేడు మైళ్లు
అలా వెనక్కే నడుస్తారు,
ఎవర్నీ గుద్దకుండా.

పిక్కంత లావు తాడు, మూడు పేటలది.
ఒక పేట కొబ్బరి కళ్లాల వాళ్లు పేనారు.
ఇంకోటి జీడి బట్టీల నుంచి వచ్చింది,
పిక్కల చమురుకి వేళ్ల కొసలు నల్లబడి
బ్యాంకులో ముద్ర పడని చేతుల మీదుగా.
మూడోదానికి ఎవరు దొరికితే వాళ్లు.
ఆ దొరికినవాళ్లలో నేనొకణ్ణి.

నాకు కొబ్బరి వ్యానుంది.
ఇచ్ఛాపురంలో లోడు అందుకోవాలని
ఈ మలుపులో డెబ్బై తగ్గించేవాణ్ణి కాదు.
ఆ రాత్రి ఏదో తగిలింది.
వెనక బస్తా జారిందనుకున్నాను.
అనుకోవాలనుకున్నాను.
ఇంటికొచ్చి లైటెయ్యకుండా బంపరు కడిగాను.
చేతికి నల్లగా, బిరుసుగా వచ్చాయి,
అచ్చం పీచులాగే.

"నీ పేట వొదులైపోతంది బావూ, బిగించు,"
అంది దాలమ్మ, నావైపు చూడకుండానే.
బిగించాను. అరచెయ్యి చీరుకునేదాకా బిగించాను.

నాలుగు చోట్ల రోడ్డుకి అడ్డంగా మేకులతో దిగ్గొట్టాం.
లారీవాళ్లు మా అమ్మల్నీ అక్కల్నీ తిడుతూ
నెమ్మదిగా తిట్టారు, మొదటిసారి పూర్తిగా వినపడేలా.
ఒక తాడు ఎవడో కోసి పట్టుకుపోయాడు.
గేదెని కట్టుకున్నాడని తెలిసింది, వదిలేశాం.
వానకి ఉబ్బుతాయి, ఎండకి పీలికలౌతాయి.
పదిహేను రోజులకోసారి మళ్లీ పేనాలి,
మళ్లీ వెనక్కి నడవాలి.
నడక నేనూ నేర్చుకున్నాను.

మొన్న రాత్రి రెండో తాడు దగ్గర
పనసపండు వాసన గుప్పుమంది.
ఇంజనాపేశాను. లైట్లూ ఆపేశాను.
చీకటి కంటే నల్లగా ఒకటి దాటింది.
కాసేపటికి, తడబడుతూ, చిన్నది.
ఆకులు సద్దుమణిగాయి.

వెనక ఎవరో హారన్ కొట్టారు.
మూడోది దాటడానికి పట్టేంతసేపు ఆగి
బండి తీశాను.