తెగే చోటు

ఏ సంచి అందంగా ఉందని నన్నడగొద్దు.
ఆ మాట ఎదురు షాపులో చెప్తారు, ఏసీ వేసి మరీ.
నేను నెల్లూరు చినబజార్లో, గాజుల కొట్టు మెట్ల కింద
ఇరవై రెండేళ్లుగా జిప్పులు మార్చేవాణ్ణి.
నాకు తెలిసిందల్లా
ఏది యాడ తెగుద్దో.

ఇదిగో, ఈ నెలవంక సంచి,
కజ్జికాయలా వంగి చంకలో ఇమిడిపోద్ది.
కాలేజీ పిల్లలకు ప్రాణం.
వేసిందల్లా నడిమధ్యకే జారుద్ది.
తాళాలూ చిల్లరా దువ్వెనా ఒకదాని మీదొకటి
పెళ్లింట్లో పిల్లల్లా పడి నిద్రపోతాయి.
కండక్టరు ముందు నిలబడి తడుముకోవాల్సిందే.
దీని కుట్టు అడుగున ఊడుద్ది. ఎప్పుడూ అక్కడే.

బొక్కెన సంచి. తాడు లాగితే
పళ్లూడిన అవ్వ నోరులా ముడుచుకుంటుంది.
మైపాడు ఇసక ఒకసారి చేరిందంటే
మళ్లీ ఎండాకాలం దాకా రాలుతూనే ఉంటది.
తెగేది తాడే. ఇరవై రూపాయల పని.

డోలు మాదిరి గుండ్రటిది
బల్ల మీద పెడితే దొర్లుద్ది, దాని సంగతి వదిలెయ్.

చేత్తో పట్టుకునే కవరు సంచి చూశావా,
శుభలేఖంత ఉంటది.
అది పట్టుకుని ఎవరైనా నడుస్తున్నారంటే
వాళ్ల సామాన్లు వెనక ఇంకెవరో మోస్తున్నారని.
అది తెగదు. నా దాకా రాదు.

ఇక నోరు తెరుచుకుని ఉండే పెద్ద సంచి.
ఎవరేమిచ్చినా కాదనదు.
కరేపాకు, పిల్లోడి ప్రాజెక్టు అట్ట,
పక్కింటావిడ మందుల చీటీ, తడి టవలు.
పట్టీ భుజం దగ్గర తెగుద్ది.
తెచ్చిన మనిషి భుజం కూడా ఆ పక్కకే వాలుంటది.
పట్టీ కుడతా.
భుజానికి నా దగ్గర సూది లేదు.

పెంచలరత్నం అట్టాంటి సంచి మూడోసారి తెచ్చినప్పుడు
వాన పడతా ఉంది.
గూడూరు కోర్టులో నకళ్లు రాసే ఉద్యోగం,
పొద్దున రైలుకు పోయి మాపటికి వస్తది.
"ఇంక కుట్టేదానికి గుడ్డ లేదమ్మా, ఆకారం మార్చు,
అడ్డంగా వేసుకునేది చిన్నది తీసుకో,
బరువు రెండు పక్కలా సర్దుకుంటది" అన్నా.
సరేనని ఎదురు షాపుకు పోయింది.
తెచ్చిందేందంటే పెట్టె సంచి.
నాలుగు పలకలు, నాలుగు మూలలు, ఇటుకలా బిగుసుకుని.

"ఇదేందమ్మా,
టిఫిను పట్టిందంటే గొడుగు పట్టదే.
మూలలు అరిగిపోతాయి. ఆర్నెల్లు, రాసి పెట్టుకో."

ఆమె దాన్ని నా పనిబల్ల మీద పెట్టి చెయ్యి తీసేసింది.
సందులో ట్రాలీ ఆటో ఒకటి పోయింది,
నా సూదుల డబ్బా గలగలమంది.
"చూడు మస్తానయ్యా, నిలబడింది."

నాకర్థం కాలేదు.

"పాతది కింద పెడితే కూలబడుద్ది.
కోర్టులో కుర్చీ కాళ్ల దగ్గర, రైల్లో సీటు కింద,
ఇంటికొస్తే గడప పక్కన.
రోజూ మూడు చోట్ల అది కూలబడేది చూస్తా ఉండా.
గొడుగంటావా, చేత్తో పట్టుకుంటాలే."

ఇరవై రెండేళ్లలో
మోస్తున్నప్పటి సంచుల్నే చూశా నేను.
దించిన తర్వాత అవెట్టా ఉంటాయో
ఎవరూ నా దగ్గరికి రిపేరుకు తేలేదు.

నిన్న వచ్చింది.
మూలలు అరిగినాయి, నేను చెప్పినట్టే,
కాకపోతే పద్నాలుగు నెలలు పట్టింది.
చెప్పుల తోలు నాలుగు ముక్కలు కోసి తొడిగా,
రంగు కలవలేదు, ఏమనుకోలేదు.
రైలు టైమైందని వంద నోటిచ్చి
చిల్లర కూడా తీసుకోకుండా పోయింది.

గొడుగు మర్చిపోయింది.
ఇదిగో, ఈడే ఉంది,
గోడకు ఆనుకుని.