కేసుషీట్ల లేని గడి

నల్లగొండ పెద్దదవాఖాన, మొగోళ్ల వార్డు.
రాత్రి రెండున్నర.
బీపీ రాసిన. షుగర్ రాసిన.
మిల్లుల బస్తాలు మోసి నడుం పడిపోయిన ఇస్తారి
మూడ్రోజుల సంది కన్ను మూస్తలేడు.
దానికి గడి లేదు.

పొద్దుగాల చేతి వాచీ ఇప్పి
పక్క మంచం జానయ్యకు ఇచ్చిండట.
"ఇగ నాకెందుకు" అన్నడట.
జానయ్య నవ్వుకుంట చెప్పిండు.
నాకు నవ్వు రాలే.

స్టూలు గుంజుకొని కూసున్న.
ఇరవై ఏండ్ల నౌకరిల నోటికి రాని మాట
మెల్లగ అడిగిన:
"సచ్చిపోవాలనిపిస్తుందా, అన్నా?"

అడిగితే లేనిది యాదిచేసినట్టయితదని
ఇన్నేండ్లు భయపడ్డ.
ఆయన గోడ దిక్కు నుంచి ఇటు మర్లిండు.
"గిన్నొద్దులల్ల ఎవ్వలడగలేదమ్మా."
ఫైనాన్సోళ్ల కిస్తీ కాడికెల్లి మొదలువెట్టి
తెల్లారేదాక చెప్పిండు.
నేను పెద్దగ ఏమనలే.
నడుమ ఒకసారి సెలైన్ మార్చిన.

డాక్టరమ్మ వచ్చింది. ఆయన చెల్లె వచ్చింది.
ఇంటికి పోయేనాడు
అరచేతిల ఆయన నంబరు రాసుకున్న.

మంగళారం మంగళారం ఫోన్ చేస్త.
ఒకనాడు ఎత్తడు.
గుండె జల్లుమంటది. మళ్ల చేస్త.

నిన్న ఆయనే చేసిండు:
"జానయ్య వాచీ తెచ్చిచ్చిండమ్మా.
ఆగిపోయి ఉంది.
సెల్లు ఏపిచ్చుకోను
గడియారం సెంటరుకు వచ్చిన."