వడగట్టిన నీళ్లు

హబ్సిగూడ మెట్రో స్తంభాల వెనక సందు.
మూడో అంతస్తులో షేకరు గది.
రాత్రి పదిన్నర రైలు పోతుంటే
ఫ్లాస్కుల్లో నీళ్లు
ఒక చుట్టు తప్పినట్టుంటాయి.
తప్పవు. నాకు నిద్ర.

పొగాకు కణాలు.
ఆకు కాదు, వేరు కాదు, మట్టి ఎరగవు.
నూకల జావలా లేత పసుపు,
చక్కెర నీళ్లలో నిమిషానికి నూటపది తిరుగుళ్లు.

పిపెట్ గీత తప్పు చదివి
వెయ్యాల్సినదాంట్లో ఇరవయ్యో వంతు వేశాను.
చక్కెర ఉంది, వెచ్చదనం ఉంది,
లవణాలు చీటీలో రాసినన్ని ఉన్నాయి.
వారం గడిచింది.
ఒక్కటీ రెండు కాలేదు.

మైక్రోస్కోపు కింద బతికే ఉన్నాయి,
పలకరింపు కోసం చూస్తున్నట్టు –
కాదు, అది నా చాదస్తం –
ఊరికే ఉన్నాయి.

ఇంకాస్త చక్కెర వెయ్యబోతుంటే
గాజుసామాను కడిగే జులేఖా ఆపా,
ఇరవై రెండేళ్లు ఆటోక్లేవు ఆవిరి తిన్న చేతుల్తో,
నేను పారబోయడానికి పక్కనబెట్టిన
పాత ఫ్లాస్కు పట్టుకుంది.
"ఇది మోరీల పోస్తవా బేటీ?
ఇంతమంది కాపురం చేసిన నీళ్లు!"

ఒక్క కణమూ దాటలేని జల్లెడలో వడగట్టాం.
అటువైపు దిగింది
ఎవరూ లేని నీరు.

ఎవరూ లేరు. వాళ్లన్నది ఉంది.
ఏ చక్కెర తునకో, పేరు పెట్టని ప్రోటీనో,
ఒకటి విదిల్చింది,
ఇంకోటి తాగి సంగతి తెలుసుకుంది.
చెవుల్లేని చోట
మాటను తాగాలి.

నాలుగో పొద్దున
ఫ్లాస్కు అడుగున తెల్లని మసక.
రెండు, నాలుగు, తెగని పూసల పేరు.
నోటుబుక్కులో ఆపా పేరుకి గడి లేదు,
మార్జిన్లో రాశాను.

పాలల్లో వేసే చెంచాడు పెరుగుని
ఇంట్లో తోడు అంటారు.
ఇన్నేళ్లూ అదొక పుల్లటి వస్తువు పేరనుకున్నాను.

అయినా మరీ మురిసిపోకు, అంది ఆపా.
నిజమే. మూడోవారానికి ఫ్లాస్కు చిక్కబడి
అదే నీరు ఇక చాలంది.
ఇరుకులో ఎవరూ అరవలేదు,
కొంచెం అటూఇటూగా అందరూ ఆగారు.

ఇవాళ కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంది.
షేకరు నిలబడిపోయింది.
చీకట్లో టార్చి వేసి చూస్తే
కణాలన్నీ నెమ్మదిగా అడుక్కి దిగుతూ
ఒకదానిమీదొకటి వాలుతున్నాయి.

లేచి చేత్తో ఊపుతుండాలి, రూలు అది.
ఒక్క నిమిషం
ఊపలేదు.