పీకో అంచు

నూనె డబ్బా పైమూత కోసి
అడుగున మేకుతో మూడు బొక్కలు పెట్టి
పెన్నా ఇసుక రెండు దోసిళ్ళు, పేడెరువు ఒక దోసెడు,
అందులో నాటినాను దాన్ని.
తోపుడుబండాయన పేరు చెప్పినాడు, కోలియస్సో ఏమో,
నా నోటికి ఎక్కలేదు.
నేను పీకో చెట్టు అంటాను.

మీరే చూడండి:
ముదురు మెరూన్ గుడ్డ మీద
చిలకపచ్చ దారంతో అంచంతా వంకీలు,
ఎక్కడా ఒక్క కుట్టు తప్పలేదు.
ఇరవయ్యేళ్ళుగా చీరలకు ఫాల్ కుట్టి పీకో కొట్టేదాన్ని,
నాకే అంత సమంగా రాదు.

తాడిపత్రిలో మా సందుకు అవతలే పాలీషు ఫ్యాక్టరీలు.
బండలు కోసే రంపాలు రాత్రీ పగలూ ఆగవు.
తెల్లారేసరికి తీగ మీది రవికెల మీద
ఈ ఆకుల మీద
సన్నటి బూడిదరంగు పొడి.
అడుగున అరచెయ్యి ఆనించి
తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తాను,
చంటిబిడ్డ చెవి తుడిచినట్టు.
కొంచెం నొక్కితే కాడ పుటుక్కుమంటుంది.
దాని ఒళ్ళంతా నీళ్ళే, ఎముక లేదు.

"ఏం పువ్వు పూస్తాదిమ్మే ఇది?" అంటుంది దస్తగిరమ్మ.
పూయనియ్యను.
"కాస్తాదా?"
కాయదు.
"పప్పులోకన్నా వస్తాదా?"
రాదు.
"నాల్రోజులకొకసారి ఇడిసే కొళాయి నీళ్ళు
దీనికి పోస్తావా, దండగమారిదానా!"
మిషను ఆపకుండానే నవ్వుతాను.
బియ్యం కడిగినవే పోస్తాను, ఆ మాట చెప్పను.

పూయనియ్యను అన్నాను కదా.
కొసన ఊదారంగు వెన్ను లేస్తుంది అప్పుడప్పుడు.
పువ్వు మీద పడితే ఆకు సన్నమైపోతాదమ్మా అని
బండాయన చెప్పే పోయినాడు.
దారం తెంపే కత్తెరతోనే తుంచేస్తాను.
తుంచినాక కాసేపు
వేళ్ళు కడుక్కోను.

మాఘంలో చుక్కలూరు నుంచి ఒక చీర వచ్చింది.
ఆ రంగు దారం నా దగ్గర లేదు.
ఆకును ఆనించి చూసినాను: అదే రంగు.
ఒక కొమ్మ తుంచి, కొంగున చుట్టుకోని
నూరుల్లా దారాల అంగడికి పోయినాను.
ఆయన కళ్ళద్దాలు తుడుచుకోని
రీలు తర్వాత రీలు ఆకు పక్కన పెట్టి
"నా దగ్గర మెరూన్లు పదకొండు నంబర్లమ్మా,
ఇది పన్నెండోది" అన్నాడు.
దగ్గరదేదో ఇచ్చినాడు.
కొమ్మను తిరిగి ఇయ్యలేదు,
ఖాళీ టీ గ్లాసులో నీళ్ళు పోసి నిలబెట్టినాడు.

ఎండలొచ్చినాయి.
బండ గోడలు, బండ కప్పు,
రాత్రి పదికి కూడా చెయ్యి పెడితే చురుక్కుమనే ఇల్లు.
డబ్బాను జాలాడి పక్కకు జరిపినాను,
ఆడినుంచి మిషను కిందికి, నా కాళ్ళ దగ్గరికి.
తడిపిన గోనెపట్ట చుట్టినాను.
ఒక రోజు పెళ్ళిచీరలు పద్దెనిమిది,
తల ఎత్తలేదు.
పొద్దుగూకి చూస్తే
ఉడికిన ఆకుకూర మాదిరి డబ్బా అంచు మీద వాలి ఉంది.
ఇప్పుడైతే పప్పులోకి వచ్చేదేమో.
దస్తగిరమ్మ ఆ మాట అనలేదు.
చెంబు నిండా నీళ్ళు తెచ్చి పోసింది,
తన బిందెలోవి.
లేవలేదు అది.

మూడో రోజు తెల్లదారం అయిపోయి బజారుకు పోయినాను.
రీళ్ళ నడుమ ఆ టీ గ్లాసు.
నీళ్ళలో వేర్లు, చిక్కుపడిన దారపుండ మాదిరి.
పైన ఆరు ఆకులు,
అంచున అదే వంకీ, అదే పచ్చ.
నేను అడగలేదు.
నూరుల్లా కొసకొమ్మ గోటితో గిల్లి
తడిపిన పేపరులో చుట్టి ఇచ్చినాడు.

తెల్లదారానికి మాత్రం
పది రూపాయలు తీసుకున్నాడు.