పదకొండో సెంటీమీటర్

సిత్రా రేవుల తెల్లారకముందే మా ఇంజను దగ్గుతది.
మర్హూన్ ముసలాయన చుక్కాని మీద చెయ్యేసి
నీళ్ల రంగు చూసి లోతు చెప్తడు.
మిషన్ జర ఆగి
అదే అంకె చూపిస్తది.

నా పని గొట్టం దించుడు.
అడుగు తాకంగనే తాడు ఒక్కసారి సడలుతది.
గా సడలుడు అరచేతికి తెలుస్తది,
దుక్కి తడి పాదానికి తెలిసినట్టు.

పైకొచ్చేది ఒండ్రు.
మీద బూడిద రంగు, కిందికి పోంగ పోంగ కాటుక,
మురిగిన గుడ్డు వాసన.
బుదూర్ మేడం ముక్కు మూసుకోదు.
కింది నుంచి నెట్టుకుంట, పలుచటి రేకుతోని
సబ్బు బిళ్ల కోసినట్టు కోస్తది.
ఒక్కో సెంటీమీటరు రెండేండ్లో మూడేండ్లో.

ఇది కరోనా కాలం, అంటది.
ఇది సముద్రం పూడ్చి రోడ్డేసిన కాలం, అంటది.
నేను సీసాలు అందిస్తుంట.
పదకొండో ముక్క కాడ కత్తి ఆపి:
"తొంభై ఏడు, తొంభై ఎనిమిది.
ఇందుల ఓడల రంగు మస్తుగుంటది, లస్మయ్యా.
గుల్లలు అంటకుండ తగరపు విషం కలిపి పూసేటోళ్లు."

తొంభై ఎనిమిది, మే నెల.
గా ఎదురుంగ క్రేన్లు కనపడే డ్రైడాక్‌లనే
నాకిచ్చిన మొదటి పని గీకుడు.
ట్యాంకర్ పొట్ట కింద మెడ ఎనకకు వాల్చి
పాత రంగు, పాచి, చిప్పలు
కండ్లల్ల పడంగ గీకిన.
ఉమ్మితే ఎరుపు. తానం చేస్తే ఎరుపు.
దిండు మీద నా తల ముద్ర ఎరుపు.
పొద్దుగూకంగ పైపు పట్టి అంతా కడుగుడే.
ఫోర్‌మన్ అన్నడు: కొట్టు, కొట్టు, దర్యా పెద్దది.
కొట్టిన.
నెత్తి మీద అప్పుతోని విమానమెక్కినోనికి
పోయింది పోయినట్టే అనే మాట
ఎంత తియ్యగుండెనో.

అడుగున గాలాడదు, మేడం చెప్తది,
విషం సగం కావాలంటెనే పదుల ఏండ్లు పడతది,
మిగిలిన సగంల సగానికి మళ్లా అన్నే.
నాకు లెక్క తెలుసు.
కోరుట్ల సేటు బాకీ పదకొండేండ్లకు తీరింది,
కాయితం నా ముంగటనే చింపిండు.
దీనికి చింపే కాయితం లేదు.
అర, పావు, పరక, వీసం,
వీసంల సగానికి పేరు మా నాయినకు తెలుసు గావచ్చు,
నాకు తెల్వది.

భూతద్దం కింద ఒక నత్తను చూపించింది.
ఆడనత్త. దానికి మగగుర్తు మొలిచింది.
గుడ్లు బయటికి రాక కడుపులనే కుళ్లినయి.
నేను సరిగ చూడలే.
సీసా మూతలు లెక్కపెడుతున్నట్టు చేసిన.

మర్హూన్ చాయ్ పోసుకుంట పాత ముచ్చట తీస్తడు:
వాళ్ల తాత ముత్యాలకు దుంకేదట.
గుల్ల దొరకని రోజు ఉత్తచేతులతో తేలుడు సిగ్గని
పిడికెడు బురద తెచ్చి చూపేదట,
అడుగు దాక పోయొచ్చినట్టు సాక్ష్యం.

"మేడం, ఎవరి చెయ్యో తెలుస్తదా ఇందుల?"
"ఏ రంగో తెలుస్తది," అన్నది,
నా దిక్కు చూడకుండ.
చూసిందేమో, ఎండకు కండ్లు చిట్లించుకొని ఉన్న.

మూత బిగించి పెన్సిలుతో రాసిన:
నాలుగో జాగ, పదకొండు.
తేదీకి గడి ఉంది, పేరుకు లేదు.

బకెట్టుల ఇంక సగం బురద మిగిలింది.
పారబొయ్యి అన్నట్టు మర్హూన్
గడ్డంతో నీళ్ల దిక్కు చూపిస్తడు.
పడవ అంచుకు బకెట్టు ఆనించి నిలబడ్డ.
మోచేతుల దాక నలుపు,
ఎండకు పటపట పగులుతున్నది.
కింద ఒక సాఫీ చాప
నా నీడల కొచ్చి ఆగింది.
మర్హూన్ మళ్లొకసారి గడ్డం ఊపుతడు.