నడుమ కాయ

చోంగ్‌చింగ్ వంతెన కింద, మూడో స్తంభం నీడలో
గళ్ళలో కాదు, గీతలు కలిసే చోట
కాయలు నిలబెడతాడు తాన్ దెషాన్.
ముప్పై ఏళ్ళు రేవు మెట్లమీద మూటలు మోసిన మోకాలు.
పక్కనే కాయ అడ్డుంటే గుర్రం దూకలేదు;
"దీని కాలూ నా కాలూ ఒకటే" అంటాడు.

ఏనుగు ఏరు దాటదు.
ఫిరంగి పేలాలంటే మధ్యలో ఒకడుండాలి,
మనవాడో పగవాడో, దానికి పట్టదు.
పోయిన బంటు బదులు సోడా మూత పెట్టాడు.
అది ఏరు దాటేసింది. ఇక పక్కకీ జరగగలదు,
వెనక్కి మాత్రం రాదు.

అవతలి బల్ల దగ్గర తమ్ముడు దెఫాంగ్.
పదకొండేళ్ళుగా మాటల్లేవు.
గోడ గురించని ఒకడు, అమ్మ గాజు గురించని ఇంకొకడు.

ఈ ఆటలో రాజుకి రాజు ఎదురుపడకూడదు.
వరసలో ఏదో ఒక కాయ అడ్డుండి తీరాలి.
ఆ కాయను నేనే,
రోజూ ఇద్దరి మధ్యా స్టూలు మీద
పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ.

ఇవాళ ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు అయిపోయాయి.
లేచాను.
నింపుకోడానికి
పట్టాల్సినదానికన్నా ఎక్కువసేపే పట్టింది.
వెనక్కి తిరిగి చూడలేదు.