మూడు వేళ్ళు తీసెయ్యి

ఈ పాయకి కొలబద్ద లేదు.
అడయారులో కలిసేలోపు
ఏ పటంలోనూ పూర్తిగా కనబడదు.
కొంత దూరం కాలువ, కొంత దూరం రోడ్డు,
అనకాపుత్తూరు దగ్గర ఒక లారీల షెడ్డు.

వాన లెక్క మీనంబాక్కంలో ఉంది.
అక్కడ పడిందే ఇక్కడా పడిందనుకోమంటుంది పుస్తకం.
అనుకుంటాను.
నా ఉద్యోగమే అనుకోవడం.

తనికాచలం మట్టపుకర్ర పట్టుకుని ముందు,
నోట్‌బుక్కుతో నేను వెనక.
ఆ డిసెంబరులో నీళ్ళు ఎందాకా వచ్చాయండీ?
గడపగడపకీ ఇదే ప్రశ్న, ఓట్లడిగేవాళ్ళలా.

టీకొట్టాయన నడుం చూపించాడు.
రేషన్ షాపామె మెడ చూపించింది.
ఒకే ఇంటి అన్నదమ్ములు తగువులాడుకున్నారు,
ఫ్రిజ్ మునిగిందని ఒకడు, తేలిందని ఒకడు.
పరిహారం జాబితా రాసిన వారంలో
వీధి వీధంతా జానెడు లోతెక్కిందని
తనికాచలం నా చెవిలో ఊదాడు.
కొత్తగా సున్నం కొట్టిన గోడలు
ఏమీ చెప్పలేదు.

చివరి సందులో దేశమ్మ.
నా తెలుగు విని చాప పరిచింది.
"ఏం కొలస్తా ఉండావు?"
నీళ్ళని.
"నీళ్ళు పోయి ఏడేండ్లాయె గదమ్మా!"

గుంటమగ్గం.
"ముందు ఈ గుంటలోనే ఊరినాయి, కింద నించి.
గుమ్మం దాటకముందే నా కాళ్ళకి తెలిసిపాయె.
కరెంటు లేదు. చిమ్నీ పెట్టుకోని నేస్తానే ఉండాను,
అంచులో ఒక పువ్వు మిగిలుండాదని.
అది ముగిసేలోగా గుంట నిండిపాయె.
తొక్కుడుచెక్కలు తేలినాయి."

ఒక పువ్వుకి ఎంతసేపు?
"వక్కాకు నమిలేంత."
భయంలో?
ఆమె నవ్వింది. "భయంలో చెయ్యి నిదానిస్తాది. తప్పు పడకూడదు గదా."

గుంట పొడవు, వెడల్పు, లోతు రాసుకున్నాను.
కాలం: ఒక పువ్వు.
ఆ రాత్రి నీళ్ళు ఎంత వడిగా ఎక్కాయో
ఈ పాయ పొడుగునా నాకు దొరికిన సాక్ష్యం
అదొక్కటే.

గోడమీద నీలిమరక.
కొక్కేనికి వేలాడిన నూలుచిలపల రంగు
సున్నంలోకి దిగింది. పైఅంచు దారంతో కొట్టినట్టు సూటిగా.
ఎంత సంతోషమో నాకు, ఒకరి ఇల్లు మునిగిన గుర్తు చూసి!
కర్ర నిలబడింది. ఒకటీ పాయింట్ ఆరు రెండు.

"అట్లా రాయొద్దు" అంది దేశమ్మ.
"నూలు నీళ్ళు తాగి పైకి ఎక్కతాది.
మూడు వేళ్ళు తీసెయ్యి."
వేళ్ళు గోడకానించి చూపించింది.
గంజిలో, రంగులో ఏళ్ళకేళ్ళు నానిన వేళ్ళు.

లేస్తుంటే అడిగింది:
"మళ్ళా వస్తే ఎందాకా?"
లెక్క కట్టాలన్నాను.
తలూపింది. అప్పుడు చూశాను,
కొత్త కొక్కెం దూలానికి జానెడు కిందే ఉంది.

రాత్రి సూత్రం అడుగుతుంది, నీ ఏరు ఎంత గరుకు?
పుస్తకంలో ఫొటోలున్నాయి,
ఏవో చలిదేశాల ఏళ్ళు, కడిగిన గులకరాళ్ళు,
ఒక్కోదాని కింద ఒక్కో అంకె.
నా దాంట్లో గుర్రపుడెక్క, సగం ఆటో,
తడిసి బరువెక్కిన పరుపులు.
పుస్తకంలో పరుపులు లేవు.
కళ్ళు మూసుకుని ఒక అంకె వేశాను,
కళ్ళు తెరిచి ఇంకొకటి.

సెకనుకి రెండువందల పది ఘనపు మీటర్లు.
ఎనభై అటూ ఇటూ.
రిపోర్టులో అది చిన్న గుర్తు,
కూడికా, దాని కింద తీసివేతా.
ఆ ఎనభైలో
దేశమ్మ వీధి మొత్తం పట్టేస్తుంది.

మా సౌందరవల్లి మేడమ్ పేజీ అంచున వేలు పెట్టింది.
"మూడు వేళ్ళు? ఇదేం యూనిట్?"

స్కేలు తీసి నా వేళ్ళు ఆనించాను.
నాలుగూ పాయింట్ ఎనిమిది.
దేశమ్మవి లావు.
ఐదున్నర అని రాశాను.